చిట్టా, ఆవర్జా, దత్తాంశ నిధి

ఏ ఉన్నత పాఠశాలకు పోయినను ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక బీరువా కనబడును. అందులో ప్రవేశముల రిజిష్టరు, హాజరు పట్టీలు, మార్కుల రిజిష్టరు, ఫీజుల పుస్తకము ఉండును. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఇల్లు మారెననుకొందము. వాని చిరునామా నాలుగు పుస్తకములలో వ్రాయబడి యున్నచో నాలుగింటను దిద్దవలెను. గుమాస్తా మూడింట దిద్ది నాలుగవదానిని మరచెనేని, ఆనాటి నుండి ఆ బీరువాలో రెండు చిరునామాలు ఉండును. వానిలో ఏది నిజమో బీరువా చెప్పజాలదు. సంవత్సరాంతమున తండ్రికి వ్రాసిన ఉత్తరము పాత యింటికి పోవును.

ఒక పాఠశాలలో ఇట్టి పొరపాటు వలన కలుగు నష్టము స్వల్పము. బ్యాంకు, రైల్వే, ఆసుపత్రి, విమానముల కర్మాగారము వంటి చోట్ల ఇదే పొరపాటు నిత్యము జరుగుచున్నచో దానిని స్వల్పమనుటకు వీలులేదు. 1960 తరువాత పెద్ద సంస్థలు తమ బీరువాలను కంప్యూటరులకు అప్పగించినప్పుడు ఈ చిక్కు పెద్ద రూపమున ఎదురయ్యెను. దానిని విడదీయుటకు జరిగిన ప్రయత్నములలో పుట్టినదే నేడు అందరును డేటాబేసు అని పిలుచు దత్తాంశ నిధి. మొబైలు ఫోనులో రైలు టికెట్టు కొన్నను, పరీక్షా ఫలితములు చూచుకొన్నను, తెర వెనుక పని చేయునది అదియే. ఈ వృత్తిలో కొత్తగా ప్రవేశించు ప్రోగ్రామరులకు పెద్దలు చెప్పు సలహాలలో అనేకము ఈ చరిత్రలో ఎవరో ఒకరు దెబ్బ తిని నేర్చుకొన్నవే.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1880వ సంవత్సరపు జనాభా లెక్కలను తేల్చుటకు ఏడేండ్లకు పైగా పట్టెను. ఆ లెక్కల పనిలో పాల్గొన్న హెర్మన్ హాలరిత్ అను ఇంజనీరు, ఒక్కొక్క మనిషి వివరములను ఒక్కొక్క అట్టకార్డుపై రంధ్రములుగా గుర్తించు పద్ధతిని కనిపెట్టెను. కార్డును యంత్రములో నుంచి పైనుండి సూదులను దింపినచో, రంధ్రమున్న చోట సూది క్రిందికి పోయి విద్యుత్ వలయము పూర్తియై, లెక్కించు ముల్లు ఒక గడి ముందుకు జరుగును. 1890వ సంవత్సరపు లెక్కలు ఈ యంత్రములతోనే జరిగెను. హాలరిత్ స్థాపించిన సంస్థ 1911లో మరికొన్నింటితో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు పొందెను. ఈ కథలో ఆ పేరు పలుమారులు వచ్చును.

కార్డులకును, తరువాత వచ్చిన అయస్కాంతపు టేపులకును ఒక లోపము కలదు. కావలసినది నడుమ నున్నను మొదటినుండి ఒక్కొక్కటిగా చూచుకొనుచు పోవలసినదే. 1956లో ఐ.బి.ఎం. వారు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో తయారు చేసిన డిస్కు యంత్రము ఈ స్థితిని మార్చెను. రెండేసి అడుగుల వ్యాసము గల 50 పళ్లెములు ఒకదానిపై ఒకటి తిరుగుచుండగా, చదువు చేయి కావలసిన పళ్లెమునకు, కావలసిన చోటికి నేరుగా పోవును. అంత పెద్ద యంత్రములో పట్టునవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి చేతి ఫోనులోని ఒక్క ఛాయాచిత్రము అంత స్థలమును ఆక్రమించుట కలదు. అయినను పుస్తకమును మొదటి పుట నుండి చదువనక్కర లేక, కావలసిన పుటనే తెరచు సౌకర్యము దీనితో కలిగెను.

కాని పుట తెరచుటకు పుట సంఖ్య తెలిసి యుండవలెను గదా! అది ఎవరికి తెలియును?

మొదటి సమాధానము: ప్రోగ్రామరుకు తెలియవలెను. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచున్న చార్లెస్ బాక్మన్ 1960 తరువాతి తొలి సంవత్సరములలో ఒక దత్తాంశ వ్యవస్థను నిర్మించెను. అందులో ప్రతి వివరపు చివరను, దానికి సంబంధించిన తరువాతి వివరము డిస్కుపై ఎక్కడ నున్నదో వ్రాసి యుండును. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు ఒక యింటివారి నడిగి రెండవ యింటికి, వారినడిగి మూడవ యింటికి పోయినట్లు, ప్రోగ్రాము ఈ గొలుసును పట్టుకొని నడచుచు పోవును. 1973లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానము నందుకొనుచు చేసిన ఉపన్యాసములో బాక్మన్ ప్రోగ్రామరును నావికునితో పోల్చెను. దారులన్నియు ఎరిగి, సముద్రము వంటి సమాచారములో ఓడను నడుపుట వాని విద్య.

రెండవ ప్రయత్నము చంద్రయాత్రకు సంబంధించినది. అపోలో కార్యక్రమమునకు కావలసిన అసంఖ్యాకమైన విడిభాగముల పట్టీని సరిగా నిర్వహించుటకై ఐ.బి.ఎం. సంస్థ 1966లో మరి రెండు సంస్థలతో కలిసి ఐ.ఎం.ఎస్. అను వ్యవస్థను రూపొందించసాగెను. అది 1968 ఆగస్టులో కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణమున మొదటిసారి పని ప్రారంభించెను. ఇందులో సమాచారము చెట్టువలె పేర్చబడును. రాకెట్టు కాండము, దాని దశలు కొమ్మలు, దశలలోని ఇంజనులు రెమ్మలు, మరలు, మేకులు ఆకులు. "ఈ ఇంజనులో ఏయే మరలు కలవు?" అని అడిగినచో సమాధానము క్షణములో వచ్చును. "ఈ మర ఏయే ఇంజనులలో కలదు?" అని తిరుగవేసి అడిగినచో చెట్టంతయు గాలించవలెను. చెట్టును పేర్చినవాడు ఏ ప్రశ్నను మనసులో పెట్టుకొని పేర్చెనో ఆ ప్రశ్నకే అది చక్కగా జవాబు చెప్పును. అయినను ఐ.ఎం.ఎస్. గట్టి పనివాడు. కొన్ని పెద్ద బ్యాంకులలో అది నేటికిని పని చేయుచునే యున్నది.

ఈ రెండు పద్ధతులలోను పెద్ద కష్టము మరొకటి. వేగము పెంచుటకో, స్థలము పొదుపు చేయుటకో డిస్కుపై అమరికను మార్చినచో, ఆ పాత దారులను నమ్ముకొన్న ప్రోగ్రాములన్నియు చెడును. బీరువాలో పుస్తకములను ఒక అరనుండి మరియొక అరకు మార్చినంత మాత్రమున గుమాస్తాలందరును తమ విద్యను మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినట్లయ్యెను. ప్రోగ్రామరుల కాలములో చాలభాగము కొత్త పనికి గాక ఇట్టి మరమ్మతులకే పోవుచుండెను.

దీనిని చూచి సహింపలేకపోయినవాడు ఎడ్గార్ కాడ్. ఆయన 1923లో ఇంగ్లండు దక్షిణ తీరమున పోర్టులాండు ద్వీపములో జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటిషు వైమానిక దళమున విమానములు నడపెను. ఆక్స్‌ఫర్డులో గణితము చదివి, 1948లో న్యూయార్కు చేరి ఐ.బి.ఎం.లో ఉద్యోగమునకు కుదిరెను. నడుమ కొన్నేండ్లు, అమెరికాలో సెనేటరు మెకార్థీ కాలపు అనుమానముల వాతావరణము సరిపడక, కెనడాకు పోయి వచ్చెను. నలుబది యేండ్లు దాటిన తరువాత, 1965లో, మిషిగన్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెను. పిమ్మట శాన్ హోసేలోని పరిశోధనాలయమునకు వచ్చెను. 1969లో సంస్థలోపలి నివేదికగాను, 1970 జూన్ నెలలో అమెరికా కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘపు పత్రికలో పదకొండు పుటల వ్యాసముగాను ఆయన తన ఆలోచనను ప్రకటించెను. సమాచారము యంత్రములో ఎట్లు అమర్చబడి యున్నదో దానిని వాడుకొనువారికి తెలియనక్కర లేకుండ చేయవలెననుటయే దాని సారాంశము.

ఆయన పట్టుకొన్న ఆయుధము కొత్త యంత్రము కాదు, సమితుల గణితము. విద్యార్థుల సమితి యొకటి, గ్రామముల సమితి యొకటి తీసికొందము. ఒక విద్యార్థిని, ఒక గ్రామమును జతపరచిన క్రమయుగ్మములన్నియు కలిసి కార్టీసియన్ లబ్ధము. వానిలో నిజముగా ఏ విద్యార్థి ఏ గ్రామమువాడో తెలుపు యుగ్మములను మాత్రము ఏరినచో ఆ ఉపసమితియే ఒక సంబంధము. కాగితముపై వ్రాసినచో అది ఒక పట్టిక. ఇదియంతయు గణితోపాధ్యాయులు నల్లబల్లపై నిత్యము వ్రాయునదే. అయితే ఈ చిన్న విషయమునుండి కాడ్ పెద్ద ఫలితములను రాబట్టెను. సమితిలో సభ్యులకు వరుసక్రమము లేదు. కనుక పట్టికలో ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్న లేదు. సమితిలో ఒకే సభ్యుడు రెండుమార్లు ఉండడు. కనుక ఒకే అడ్డువరుస రెండుమార్లు రాదు. రెండు పట్టికలను కలుపునది డిస్కుపై చిరునామా కాదు. రెండింటను ఉన్న సమానమైన విలువ మాత్రమే. విద్యార్థుల పట్టికలో ప్రవేశ సంఖ్య కలదు, మార్కుల పట్టికలోను అదే ప్రవేశ సంఖ్య కలదు, అంతే చాలును. కొన్ని వరుసలను ఏరుట, కొన్ని నిలువువరుసలను మాత్రము తీసికొనుట, రెండు పట్టికలను జతచేయుట వంటి క్రియలతో ఎన్నో ప్రశ్నలను కూర్చవచ్చును. సంఖ్యలను కూడగా సంఖ్యయే వచ్చినట్లు, పట్టికలపై ఈ క్రియలను జరుపగా పట్టికయే వచ్చును. దానిపై మరల క్రియ జరుపవచ్చును. ముందుగా ఎవరును ఊహింపని ప్రశ్నకు సైతము జవాబు రాబట్టు శక్తి ఇక్కడనుండి వచ్చినది.

మొదట చూచిన చిరునామా చిక్కునకు కూడ కాడ్ మందు చెప్పెను. వరుసను గుర్తించు విలువకు కీ అని పేరు. పేరు కీగా పనికిరాదు. ఒకే తరగతిలో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండుట మన పాఠశాలలలో వింత కాదు, పైగా ఒకే పేరును ఒకరు వెంకటేశ్వర్లు అనియు, ఒకరు వేంకటేశ్వరులు అనియు వ్రాయుదురు. ప్రవేశ సంఖ్య కీగా తగును. పట్టికలోని ప్రతి వివరమును ఆ కీని గూర్చినదే కావలెను, మరి దేనిని గూర్చినదియు కారాదు. మార్కుల పట్టికలో చిరునామా వ్రాయుట తప్పు. ఏలయన చిరునామా విద్యార్థిని గూర్చినది, వాని గణితపు పరీక్షను గూర్చినది కాదు. దానిని విద్యార్థుల పట్టికలో ఒకేచోట వ్రాసినచో దిద్దవలసిన చోటును ఒకటే యగును. పట్టికలను ఇట్లు శుద్ధి చేయు మెట్లను కాడ్ 1970 తరువాతి రెండేండ్లలో వివరించెను. 1974లో రేమండ్ బాయిస్ అను యువకునితో కలిసి మరింత కఠినమైన మెట్టును నిర్వచించెను.

ఇచ్చట కొత్తవారు తరచుగా పొరబడు స్థలమొకటి కలదు. రెండుచోట్ల ఒకే అంకె కనబడినంత మాత్రమున అది పునరుక్తి కాదు. ఫీజుల పట్టికలో ఈ యేటి ఫీజు 600 రూపాయలని యున్నది. ఒక రసీదులోను 600 అని యున్నది. రసీదులోని దానిని తొలగించి, కావలసినప్పుడు ఫీజుల పట్టికను చూచుకొందమని ఒక ప్రోగ్రామరు తలచెననుకొనుడు. మరుసటి యేడు ఫీజు 700 కాగానే పాత రసీదులన్నియు 700 అని అబద్ధమాడును. నేటి రేటు ఒక విషయము, ఆనాడు చెల్లించిన సొమ్ము మరియొక విషయము. పట్టికలను గీయుటకు ముందు ప్రపంచమును చూడవలెననుట ఇందుకే.

కాడ్ మాట వెంటనే చెల్లలేదు. ఐ.ఎం.ఎస్. వలన మంచి ఆదాయము పొందుచున్న ఐ.బి.ఎం. సంస్థకు, దానిని పక్కకు నెట్టగల ఆలోచన తన యింటిలోనే పుట్టుట అంత సంతోషము కలిగించలేదు. ఆచరణవాదులు మరియొక ఆక్షేపణ తెచ్చిరి: దారి తెలిసిన నావికునికన్న దారి చెప్పని గణితజ్ఞుడు త్వరగా గమ్యము చేరునా? 1974లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బరులో జరిగిన సభలో బాక్మన్ పక్షమువారును, కాడ్ పక్షమువారును ముఖాముఖి వాదించుకొనిరి. వాదముతో తేలునది కాదు, కట్టి చూపవలసినదే.

కట్టి చూపినవారు రెండు బృందములు. శాన్ హోసేలో ఐ.బి.ఎం. వారి సిస్టం-ఆర్ ఒకటి. బర్క్లీ విశ్వవిద్యాలయములో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ 1973లో ప్రారంభించిన ఇంగ్రెస్ ఒకటి. శాన్ హోసే బృందములోని డొనాల్డ్ చాంబర్లిన్, బాయిస్ కలిసి గణిత చిహ్నములు లేకుండ, సామాన్య వాక్యములవలె నుండు ప్రశ్నల భాషను 1974లో ప్రకటించిరి. దానికి సీక్వెల్ అని పేరు పెట్టిరి. ఆ పేరు ఒక బ్రిటిషు విమాన సంస్థ వ్యాపార చిహ్నమని తెలియగా ఎస్.క్యూ.ఎల్. అని కుదించిరి. బాయిస్ ఆ సంవత్సరమే మెదడులో రక్తనాళము చిట్లి అకాలమరణము పొందెను. తాను పెంచిన భాష లోకమంతట వ్యాపించుట చూడలేదు.

దారి ఎవరు చూపవలెనను ప్రశ్నకు జవాబు సిస్టం-ఆర్ బృందములోని పెట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ప్రకటించిన వ్యాసములో నున్నది. దారి యంత్రమే వెదకుకొనవలెను. పట్టికలో వరుసలెన్ని, ఏ విలువలు ఎన్ని రకములు అను లెక్కలను యంత్రము ముందుగానే దగ్గర ఉంచుకొనును. ప్రశ్న రాగానే సాధ్యమైన దారులకు ఖర్చు అంచనా వేసి, చవకైన దానిని ఎన్నుకొనును. ఈ దారులలో ముఖ్యమైనది ఇండెక్సు. బోయింగ్ విమాన సంస్థలో పనిచేసిన రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ 1970 ప్రాంతమున రూపొందించిన బి-చెట్టు అను అమరికయే నేటికిని ఇండెక్సులకు ఆధారము. ఒక్కొక్క కొమ్మకు 200 చీలికలున్న చెట్టులో మూడు మెట్లు దిగినచో 200×200×200, అనగా 80 లక్షల వరుసలలో కావలసినది చిక్కును.

ఇండెక్సు మంత్రము కాదు. నిఘంటువులో "ఉప"తో మొదలగు పదములు ఒక్కచోట దొరకును. "కారము"తో ముగియు పదములు కావలెనన్నచో నిఘంటువంతయు తిరుగవేయవలెను. పేర్ల ఇండెక్సును పేరు చివరి భాగముతో వెదకు ప్రోగ్రామరు ఈ శ్రమనే యంత్రమునకు ఇచ్చుచు, యంత్రము మందగించెనని వాపోవును. ప్రతి నిలువువరుసకును ఇండెక్సు కట్టుట కూడ మంచిది కాదు. ఒక కొత్త వరుస చేర్చినప్పుడెల్ల అన్ని ఇండెక్సులను దిద్దవలసి వచ్చును.

తరువాతి కథ త్వరగా నడచినది. 1979లో ఒక చిన్న సంస్థ, ఐ.బి.ఎం. వారికన్న ముందుగానే, వారు ప్రకటించిన వ్యాసముల నాధారము చేసికొని ఒరాకిల్ అను వ్యవస్థను అమ్మకమునకు పెట్టెను. మొదటి రూపమును ఎవరును కొనరని కాబోలు, దానికి రెండవ రూపమని పేరు పెట్టిరి! ఐ.బి.ఎం. వారి సరకు 1981లోను, డి.బి.2 అను ప్రసిద్ధమైనది 1983లోను వెలువడెను. 1986లో ఎస్.క్యూ.ఎల్. అమెరికా ప్రామాణిక భాషయయ్యెను. బర్క్లీ ప్రయత్నపు సంతానమైన పోస్ట్‌గ్రెస్ నేడు ఎవరైనను ఉచితముగా వాడుకొనదగిన వ్యవస్థగా విస్తరించినది. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ బహుమానము లభించెను. అయినను ఎస్.క్యూ.ఎల్. ఒకే వరుసను రెండుమార్లు అనుమతించుట తన గణితమునకు విరుద్ధమని ఆయన 2003లో మరణించువరకు ఒప్పుకొనలేదు.

ఖాళీ గడి విషయములో మాత్రము కాడ్ సూచనయే వివాదములకు దారితీసెను. పరీక్షకు రాని విద్యార్థికి సున్న వేయుట న్యాయము కాదు. అందుచేత తెలియదు అను అర్థము గల గుర్తును, అవును, కాదు, తెలియదు అను మూడు విలువల తర్కమును ఆయన 1979లో విపులముగా ప్రతిపాదించెను. దాని ఫలితము చూడుడు. 35 కన్న తక్కువ మార్కులు వచ్చినవారి పట్టీని అడిగినచో గైరుహాజరైనవాడు రాడు. 35గాని అంతకన్న ఎక్కువగాని వచ్చినవారి పట్టీని అడిగినను రాడు. రెండు పట్టీలను కూడినచో తరగతి సంఖ్య తగ్గును. మొదటిసారి దీనిని చూచిన ప్రోగ్రామరు యంత్రమును అనుమానించును. యంత్రము తర్కము తప్పలేదు. అడిగినవాడు మూడవ సమాధానమును మరచెను.

ఇక సొమ్ము లెక్కలు. ఒకని ఖాతానుండి 500 రూపాయలు తీసి వేరొకని ఖాతాలో వేయవలెను. తీయుట ముగిసి వేయుట మొదలు కాకముందు కరెంటు పోయెను. సొమ్ము ఎక్కడ? సిస్టం-ఆర్ బృందములోని జిమ్ గ్రే ఈ ప్రశ్నతో చాల సంవత్సరములు గడపెను. రెండు పనులును జరుగవలెను, లేదా ఏదియు జరుగరాదు. దీనినే లావాదేవి యందురు. ఇందుకు వాడు ఉపాయము మన షావుకార్లకు చిరకాలమునుండి తెలిసినదే. దుకాణములో జరిగిన ప్రతి బేరమును ముందు చిట్టాలో తేదీ వరుసను వ్రాసి, తరువాత తీరికగా ఆవర్జాలో ఎవరి ఖాతాకు వారికి ఎక్కింతురు. ఆవర్జా తడిసి పోయినను చిట్టా ఉన్నచో ఖాతాలను మరల కట్టవచ్చును. దత్తాంశ నిధియు మార్పును ముందు తన చిట్టాలో వ్రాసి డిస్కుపై భద్రపరచి, తరువాతనే పట్టికలో దిద్దును. కరెంటు వచ్చిన పిమ్మట చిట్టాను చదివి, ముగిసిన లావాదేవీలను నిలిపి, సగములో ఆగినవానిని రద్దు చేయును. గ్రే 1998లో ట్యూరింగ్ బహుమానము పొందెను. 2007 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో తీరమునుండి ఒంటరిగా పడవలో పోయి తిరిగి రాలేదు. ఉపగ్రహ చిత్రములను వేలమంది గాలించినను పడవ జాడ తెలియలేదు.

పట్టికలో ఇమడని సమాచారము కూడ లోకములో కలదు. ఉత్తరము, ఉపన్యాసము, చట్టము, పాఠ్యగ్రంథము ఇట్టివి. 1969లో ఐ.బి.ఎం.కే చెందిన కేంబ్రిడ్జి కార్యాలయమున, న్యాయవాదుల కార్యాలయములలోని పత్రములను కంప్యూటరులో దాచు పనిలో ముగ్గురు మునిగియుండిరి. వారు చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ. ఆనాటి పత్రములలో "ఇచ్చట లావు అక్షరములు వాడుము, ఇచ్చట రెండు పంక్తులు వదలుము" అని అచ్చుకూర్పరికి ఆజ్ఞలు ఉండెడివి. ఈ ముగ్గురు వానిని తొలగించి, "ఇది శీర్షిక, ఇది పేరా" అని అర్థమును తెలుపు గుర్తులు పెట్టిరి. శీర్షిక ఎట్లు కనబడవలెనో వేరొకచోట నిర్ణయింతురు. కాడ్ పట్టికలకు చేసినది వీరు పత్రములకు చేసిరి. ఇంకొక విశేషము: ఈ లోరీయే తరువాత శాన్ హోసే చేరి సిస్టం-ఆర్ నిర్మాతలలో ఒకడయ్యెను.

ఆ భాష పెరిగి పెద్దదై 1986లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. కాని చాల క్లిష్టము. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున టిం బర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించి, తన పుటల కొరకు దాని పోకడలోనే సులభమైన గుర్తులను వాడెను. అయితే ఆ గుర్తులు నిర్ణీతములు. శీర్షిక, పేరా వంటివి కలవుగాని ప్రవేశ సంఖ్య, మార్కులు వంటివి లేవు. 1996లో జాన్ బోసాక్ నాయకత్వమున ఏర్పడిన సంఘము పాత ప్రమాణమును బాగుగా కత్తిరించి, ఎవరికి కావలసిన గుర్తులను వారు కల్పించుకొను స్వేచ్ఛ నిచ్చెను. అదియే 1998 ఫిబ్రవరి 10న వెలువడిన ఎక్స్.ఎం.ఎల్. ఉదాహరణకు:

<విద్యార్థి><పేరు>మైథిలి</పేరు><తరగతి>9</తరగతి></విద్యార్థి>

తెరచిన గుర్తును మూయవలెను. లోపల తెరచినదానిని ముందు మూయవలెను. ఈ నియమము తప్పిన పత్రమును చదువు ప్రోగ్రాము ఊహించి దిద్దరాదు, పని అక్కడితో ఆపవలెను. ఇది క్రూరమని అప్పుడే కొందరు తగవులాడిరి. కాని వెబ్ పుటలలో తప్పులను సహించుటచే ఒక్కొక్క బ్రౌజరు ఒక్కొక్క విధముగా ఊహించిన గందరగోళమును చూచినవారే ఆ నియమము పెట్టిరి. 2000 తరువాత ప్రోగ్రాములు తమలో తాము చిన్న చిన్న సమాచారములను పంపుకొనుటకు మరింత క్లుప్తమైన జేసన్ రూపము వాడుకలోకి వచ్చినది. పుస్తకములు, చట్టములు, కార్యాలయ పత్రములు వంటివానికి ఎక్స్.ఎం.ఎల్. నిలిచియున్నది. పట్టికకు లొంగు వివరములను చెట్టుగా మార్చి దాచువారు మాత్రము అపోలోనాటి తిరుగుడు ప్రశ్నను మరల కొనితెచ్చుకొందురు.

వెబ్ వచ్చిన తరువాత దత్తాంశ నిధి ముందర లోకమంతయు నిలిచెను. అంతకుముందు ప్రశ్న అడుగువాడు కార్యాలయపు ఉద్యోగి. ఇప్పుడు ఎవరైనను కావచ్చును. ఒక ఫారములో "_____ అను విద్యార్థి మార్కులు తెలుపుము" అని యున్నదనుకొనుడు. ఒకడు ఖాళీలో "రామయ్య అను విద్యార్థి మార్కులు తెలుపుము, పిమ్మట రిజిష్టరును చింపివేయుము, రంగయ్య" అని నింపెను. వాక్యమంతయు కలిపి చదివిన గుమాస్తా పైవారి ఆజ్ఞ యనుకొని రిజిష్టరును చింపును! నింపిన పేరును ఎస్.క్యూ.ఎల్. వాక్యములో అతికించి యంత్రమునకు పంపు ప్రోగ్రాములలో సరిగా ఇదే జరుగును. ఈ ప్రమాదమును గూర్చి 1998లోనే హెచ్చరిక వెలువడినను, తరువాత పాతికేండ్లకు కూడ దీనిచేత సంస్థలు నష్టపోవుచునే వచ్చినవి. నింపిన పేరులోని అనుమానాస్పదమైన గుర్తులను ఏరివేయుట చాలదు. ఏరువాడు ఏదో ఒకటి మరచును. సరియైన మార్గము, ఖాళీతోకూడిన వాక్యమును ముందు పంపి, యంత్రము దానిని అర్థము చేసికొని సిద్ధపరచిన తరువాత, పేరును వేరుగా పంపుట. అప్పుడు ఖాళీలో ఏమి వ్రాసినను అది పేరేగాని ఆజ్ఞ కాజాలదు. వాక్యమును ముందే యంత్రభాషలోనికి మార్చి యుంచుకొనవచ్చునను ఊహ సిస్టం-ఆర్‌లో లోరీదే. ఆనాడు దానిని వేగము కొరకు చేసిరి. అది వెబ్ కాలమున రక్షణకు పనికివచ్చెను.

ఎక్స్.ఎం.ఎల్. వలన తెలుగునకు ప్రత్యేకముగా కలిగిన మేలొకటి కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణములో తెలుగు లిపికి 128 స్థానములు కేటాయించిరి. అయినను చాలకాలము తెలుగు వెబ్ పుటలు ఎవరి ఫాంటు వారిదిగా ఉండెను. ఒకరి ఫాంటు లేనివారికి ఆ పుట అర్థము లేని గుర్తుల కుప్ప, అందులో వెదకుటయు అసాధ్యము. ఎక్స్.ఎం.ఎల్. మొదటినుండి యూనికోడ్‌నే ఆధారము చేసికొనెను. అందుచేతనే పై ఉదాహరణలో గుర్తుల పేర్లను కూడ తెలుగులోనే వ్రాయుటకు వీలయ్యెను.

ఇంగ్లీషు అక్షరములకు అలవాటుపడి గీసిన పట్టికలలో తెలుగు పేర్లు ఇరుకున పడుట మాత్రము తరచుగా జరుగును. బాగుగా వాడుకలో నున్న యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగులో ప్రతి సంకేతమునకు మూడు బైట్లు కావలెను. "లక్ష్మి" అను పేరు చూచుటకు రెండే అక్షరములు. యంత్రములో అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అను ఏడు సంకేతములు. అనగా 21 బైట్లు. పేరునకు 20 బైట్లు చాలునని గీసిన పట్టికలో లక్ష్మికి చోటు లేదు. కొన్ని వ్యవస్థలు పేరును నిరాకరించును. కొన్ని చివరి బైటును కోసివేసి గుడిని చెడగొట్టును.

ఇంతకన్న సూక్ష్మమైనది ఐత్వము. యూనికోడ్‌లో ఐత్వమునకు ఒక సంకేతము కలదు. ఎత్వమును, క్రిందనుండు ఐత్వపు గుర్తును విడివిడిగా చేర్చియు అదే రూపమును పొందవచ్చును. కంటికి రెండును ఒకటియే, యంత్రమునకు వేరు. ఒక కార్యాలయములో ఒక విధముగా చేర్చిన "మైథిలి" మరియొక కార్యాలయములో రెండవ విధముగా వెదకినవారికి కనబడదు. ఒకే బాలికకు రెండు ప్రవేశ సంఖ్యలు పడుటకును అవకాశము కలదు. రెండు రూపములను ఒకటిగా మార్చు విధానమును యూనికోడ్ ప్రమాణమే నిర్ణయించినది. పేరును పట్టికలో చేర్చుటకు ముందును, వెదకుటకు ముందును ఆ విధానమును నడపినచో రిజిష్టరులోని మైథిలి దొరకును.